మైన్‌పాట్ టిబెటన్ భాషకు బడి ఒక్కటే చాలదు

రాయపూర్: ప్రాథమిక పాఠశాలల్లో గోండీ, హల్బీ, కురుఖ్ వంటి స్థానిక భాషలను బోధిస్తామని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 గణతంత్ర దినోత్సవం నాడు ప్రకటించింది. అయితే ఆ చర్చలో అంతగా వినిపించని భాష ఒకటి సర్గుజా జిల్లా మైన్‌పాట్ పీఠభూమిపై ఆరు దశాబ్దాలుగా నిలిచి ఉన్నది. అది టిబెటన్.

1959లో దలైలామా వెంట భారత్‌కు తరలివచ్చిన శరణార్థులలో కొందరికి 1960వ దశకం ఆరంభంలో ఇక్కడ పునరావాసం కల్పించారు. చల్లని వాతావరణం ఇందుకు అనుకూలించింది. భాషాపరంగా సర్గుజా ప్రాంతం విశిష్టమైనది. సర్గుజియా ఇండో-ఆర్య భాష. కురుఖ్ తెలుగు మాదిరిగానే ద్రావిడ భాష. కోర్వా ముండా వర్గానికి చెందినది. టిబెటన్ చేరికతో టిబెటో-బర్మన్ కుటుంబానికి కూడా ఇక్కడ చోటు దక్కింది.

ఇంతకాలం ఆ భాషను కాపాడినవి మూడు: ఒకేచోట నివాసం, బౌద్ధ మఠం, పాఠశాల. టిబెటన్ పిల్లల విద్య కోసం కేంద్రం 1961లోనే ప్రత్యేక పాలనా సంస్థను నెలకొల్పింది. అయితే జీవనోపాధి ఈ పునాదిని కదిలిస్తున్నది. బంగాళాదుంప, టావు పంటల ఆదాయం చాలక పలు కుటుంబాలు చలికాలంలో ఉన్ని దుస్తుల అమ్మకానికి నగరాలకు తరలుతున్నాయి. మన పట్టణాలలోనూ ఈ విక్రేతలు సుపరిచితులే. చదువుకున్న యువత పెద్ద నగరాలకు, విదేశాలకు వెళుతున్నది.

భిలాయ్ ఉక్కు కర్మాగారం పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారితో పోల్చితే ఈ సమస్య తీవ్రత బోధపడుతుంది. వారి భాషకు వెనుక రెండు రాష్ట్రాలు, ఎనిమిదవ షెడ్యూలులో స్థానం ఉన్నాయి. టిబెటన్‌కు ఆ షెడ్యూలులో చోటు లేదు. పైగా ఆ భాష మాట్లాడేవారిలో అత్యధికులు పౌరసత్వం లేక, రిజిస్ట్రేషన్ పత్రాలపైనే నివసిస్తున్నారు. ఫలితంగా పౌరులకు పరిమితమైన ప్రభుత్వోద్యోగాలు వారికి అందవు.

స్థావరాల భూములకు కౌలు పత్రాలు ఇవ్వాలని, సంక్షేమ పథకాలను వర్తింపజేయాలని 2014 నాటి టిబెటన్ పునరావాస విధానంలో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. మైన్‌పాట్ భాషా భవితవ్యం పాఠ్యపుస్తకాలతో పాటు ఈ విధానం అమలుపైనా ఆధారపడి ఉన్నది. స్థానికంగా ఉపాధి లభించి యువ కుటుంబాలు అక్కడే నిలిచిన పక్షంలోనే బడిలో నేర్చిన భాష ఇళ్లలోనూ కొనసాగుతుంది.