అడవి పాఠం మళ్లీ కావాలి

పదో తరగతి సైన్సు పుస్తకం చివర ఒకప్పుడు ‘సహజ వనరుల సుస్థిర నిర్వహణ’ అనే పాఠం ఉండేది. 2022లో పిల్లలపై భారం తగ్గించాలని పాఠాలు కుదించినప్పుడు అది పోయింది. అక్కల, అన్నల పాత పుస్తకాలు తెచ్చుకుని మేం దాన్ని చదివాం. అంత భారమేమీ అనిపించలేదు. (భారం అనిపించే పాఠాలు వేరే ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోలేదు!)

అందులో పశ్చిమ బెంగాల్లోని అరబరి అడవి కథ ఉంది. అక్కడి సాల వృక్షాలు బాగా దెబ్బతిన్నాయి. కాపలా పెంచితే ఊరివాళ్లతో గొడవలు పెరిగాయే గానీ అడవి పెరగలేదు. 1972లో ఎ.కె. బెనర్జీ అనే అటవీ అధికారి 1,272 హెక్టార్ల కాపలాలో ఊరివాళ్లనే భాగస్వాములను చేశారు. బదులుగా వాళ్లకు అడవిలో పని, చివరి కోతలో నాలుగో వంతు వాటా, నామమాత్రపు రుసుముతో వంటచెరకు, పశుగ్రాసం. ఎందుకూ పనికిరాదనుకున్న ఆ అడవి విలువ 1983 నాటికి 12.5 కోట్ల రూపాయలైంది.

హక్కులిస్తే జనం అడవిని నరికేస్తారని వాదించేవాళ్లు ముందు ఈ పాఠం చదవాలి.

అయితే అడవి విలువంటే కలప విలువేనా? 1952 నాటి జాతీయ అటవీ విధానం దేశ అవసరాలకే పెద్దపీట వేసింది, పక్క ఊళ్ల అవసరాలు ఆ తర్వాతే అంది. 1988 విధానం దాన్ని తిరగేసింది. పర్యావరణ సమతుల్యత ముందు, ఆదాయం తర్వాత అని చెప్పింది. రెండూ దేశంలో మూడో వంతు నేల పచ్చగా ఉండాలన్నాయి. 2023 నివేదిక ప్రకారం మన అటవీ విస్తీర్ణం 21.76 శాతం. కానీ ఈ లెక్కలో హెక్టారు, అంతకు మించిన స్థలంలో పది శాతం నేలను చెట్ల కొమ్మలు కప్పితే చాలు, అది అడవే. కొబ్బరి తోటయినా, జామాయిల్ తోటయినా సరే. ఈ సంగతి తెలియకుండా ‘అడవులు పెరిగాయి’ అన్న వార్త చదివి ఏం లాభం?

వెదురు సంగతి ఇంకా విచిత్రం. సైన్సు ప్రకారం అది గడ్డి జాతి. 1927 అటవీ చట్టం మాత్రం 2017 దాకా దాన్ని చెట్లలోనే లెక్కించింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా ఊరికి 2006 చట్టం కింద 2009లో అడవిపై సామూహిక హక్కు వచ్చింది. అయినా కొట్టిన వెదురును ఊరు దాటించే పర్మిట్లు గ్రామసభ చేతికి రావడానికి 2011 దాకా ఆగాల్సి వచ్చింది. పట్టా ఒక్కటే చాలదని మాకు అప్పుడే అర్థమైంది.

మనం మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారేవాళ్లం. అడవి మనకు రైలు కిటికీలోంచో, పిక్నిక్‌లోనో కనిపిస్తుంది. తునికాకు కోసేవాళ్లకు, ఇప్పపువ్వు ఏరేవాళ్లకు అది ఇంటి గడిచే దారి. జూలైలో వనమహోత్సవం నాడు మనం మొక్క నాటుతాం, అది చెట్టయ్యేలోపు బదిలీ ఆర్డరు వస్తుంది. అందుకే మనకు ఈ పాఠం మిగతావాళ్లకంటే ఎక్కువ అవసరం. పైగా అస్సాం అడవినీ, మధ్యప్రదేశ్ అడవినీ, మన్యం అడవినీ పోల్చి చూడగల పిల్లలు మనలోనే ఎక్కువ ఉంటారు.

పరీక్షలో మార్కులు లేకపోయినా సరే, నెలకొక పీరియడ్ దీనికి ఇవ్వమని అడుగుతున్నాం. ఏ చెట్లు కొట్టాలో, ఏవి ఉంచాలో రాసిపెట్టుకునే వర్కింగ్ ప్లాన్ అటవీ డివిజన్లలో ఉంటుంది. ఈసారి వనమహోత్సవానికి రేంజర్ గారు వస్తే, మొక్కలతో పాటు అది కూడా తెమ్మని అడుగుతాం.