తెలుగు అని నొక్కితే అదే పేజీ తెలుగులో రావాలి

కషాయాల తయారీ పై వీడియోలో వివరంగా చూపించాను, పూర్తిగా చూడండి. ఇక్కడ మాత్రం వేరే విషయం చెప్పాలి. వ్యవసాయం వెబ్‌సైట్లలో భాష మార్చుకునే లింకు గురించి.

మొన్న ఒక సైట్‌లో బ్రహ్మాస్త్రం పేజీ ఇంగ్లీషులో చూస్తున్నాను. పైన తెలుగు అని ఉంటే నొక్కాను. తెలుగు వచ్చింది గానీ, బ్రహ్మాస్త్రం పోయి సైట్ మొదటి పేజీ వచ్చింది! ఇక మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. చేలో పురుగు కనిపించి, గట్టు మీద నిలబడి ఫోన్ చూసే రైతుకు అంత తీరిక ఎక్కడిదండీ?

ఇది చిన్న విషయం కాదు. నీమాస్త్రంలో పిచికారీకి మళ్లీ నీళ్లు కలపం, అలాగే కొడతాం. బ్రహ్మాస్త్రాన్ని నీళ్లలో కలిపి పలచన చేశాకే కొట్టాలి. ఈ ఒక్క ముక్క అర్థం కాకపోతే నష్టపోయేది పంటే.

చక్కగా చేసినవాళ్లూ ఉన్నారు. తెలుగు వికీపీడియాలో వేప పేజీ తెరవండి. అక్కడ భాషల జాబితాలో హిందీ నొక్కితే నీమ్ పేజీ, కన్నడ నొక్కితే బేవు పేజీ వస్తాయి. చెట్టు పేరు మారినా మనం చదివే విషయం మారదు. పైగా ఏ భాష పేరు ఆ భాష లిపిలోనే ఉంటుంది. ఇంగ్లీషు రాని రైతు కూడా తన భాషను గుర్తుపడతాడు.

సైట్లు నడిపేవారిని నేను కోరేది ఇంతే:

1. ప్రతి పేజీ నుంచి, అదే విషయం ఉన్న రెండో భాష పేజీకి లింకు ఇవ్వండి.
2. భాష పేరును తెలుగు అక్షరాల్లో, ఫోన్‌లో కనిపించేలా పైనే పెట్టండి. జెండా బొమ్మలు వద్దు. రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లోనే 22 భాషలున్న దేశంలో, ఒక జెండా చూసి ఏ భాష అనుకోవాలి?
3. తెలుగు పేజీ ఇంకా తయారు కాకపోతే ఆ మాటే రాయండి. ఉత్త లింకు పెట్టి తిప్పించకండి.

అనువాదానికి ఖర్చవుతుంది, నిజమే. కానీ అనువాదం చేయించి కూడా దారి చూపకపోతే, పండించిన పంటను కళ్లంలోనే వదిలేసినట్టు కాదా?

వీడియోలు చేసే మిత్రులు కూడా అదే వీడియో వేరే భాషలో ఉంటే కింద లింకు ఇవ్వండి. ఈ రోజే మీ సైట్ ఫోన్‌లో తెరిచి, ఒకసారి తెలుగు నొక్కి చూడండి.