టర్బో మీద ఇల్జామ్ వేసే ముందు

"టర్బో పోయింది భాయ్." సెకండ్ హ్యాండ్ కారు కొన్న నెలకే పికప్ పడిపోయి షెడ్డుకు వెళ్లినవాళ్లు ముందుగా వినే మాట ఇదే. బానెట్ సగం తెరిచాడో లేదో, ఫైసలా అయిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో హిసాబ్ మొదలు. దుబాయ్ నుంచి భాయీజాన్ పంపిన పైసలు పోగా ఇంకెంత కావాలి, అమ్మీ గాజులు కుదువ పెట్టాలా, చిట్టీ ఎత్తాలా అని. నేననేది ఒక్కటే: సబూత్ చూపించకుండా టర్బో మార్చమనే ఉస్తాద్‌కు రూపాయి ఇవ్వకండి. మాడిఫై చేసిన కారైతే అస్సలు ఇవ్వకండి.

మాడిఫై చేసిన కారని ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, దాని కథ వేరు. మన దగ్గర చేతులు మారే పాత డీజిల్ బండ్లనే తీసుకోండి. స్విఫ్ట్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో, మూడింటిలోనూ అదే ఫియట్ ఇంజన్. 1248 సీసీ, మామూలు రకం తాఖత్ 75 హార్స్ పవర్. కుర్రాళ్లకు అది చాలదు. ట్యూనింగ్ బాక్స్ తగిలిస్తారు, లేదా ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలే మార్పించి రీమ్యాప్ చేయిస్తారు. ఈ బాక్సుల్లో చాలావాటి పని ఏమిటో తెలుసా? డీజిల్ ప్రెషర్ చెప్పే సెన్సర్‌కూ కంప్యూటర్‌కూ మధ్యలో కూర్చుని ఝూట్ చెప్పడం. ఉన్న ప్రెషర్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. బేచారా కంప్యూటర్ అది నమ్మి ప్రెషర్ పెంచుతుంది, డీజిల్ ఎక్కువ పడుతుంది, బండి ఉరుకుతుంది. కంపెనీ 75కు లెక్కేసి పెట్టిన క్లచ్చు, గొట్టాలు, టర్బో మాత్రం అవే. అమ్మే రోజు వచ్చేసరికి బాక్స్ పీకి వేరేగా అమ్ముకుంటారు. రీమ్యాప్ అయితే కంటికి కనపడనే కనపడదు. కారు కడిగి, సీటు కవర్లు మార్చి, "డాక్టర్ సాబ్ వాడిన బండి" అంటారు.

దీన్‌లో దీనికి పేరుంది, ఐబ్ దాచడం. బజార్లో ధాన్యం రాశిలోకి హుజూర్ (స) చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలిన వాకియా మన పిల్లలకు కూడా తెలుసు. వానకు తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. మరి ఆ తడిసింది జనానికి కనపడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. ఖుత్బాలో విన్నప్పుడు తలలూపుతాం. కారు అమ్మేటప్పుడు మాత్రం అది ధాన్యం సంగతి అనుకుంటాం. ఫిఖ్‌లో ఖియారె ఐబ్ అనే హక్ కూడా ఉంది: కొన్నప్పుడు తెలియని పాత ఐబ్ తర్వాత బయటపడితే సరుకు తిరిగిచ్చేయొచ్చు. "ఉన్నది ఉన్నట్టు అమ్మాను" అనే మాట, తెలిసి దాచినవాడిని అల్లాహ్ ముందు కాపాడుతుందని నాకు యకీన్ లేదు.

సరే, బండి ఇప్పుడు మీ గుమ్మంలో ఉంది, పికప్ లేదు. మొదట మార్పులన్నీ వెనక్కి తిప్పించండి. బాక్స్ ఉంటే పీకించాలి, రీమ్యాప్ అయి ఉంటే కంపెనీ ఫైల్ తిరిగి ఎక్కించాలి. బాక్స్ ఉండగా స్కానర్ పెడితే అది చూపే డీజిల్ ప్రెషర్ కూడా ఝూటే. గవాహ్‌నే కొనేశాక కేసు ఏం తేలుతుంది?

తర్వాత స్టీరింగ్ పట్టుకున్న మనిషిని అడగాలి, తాఖత్ ఎలా పోతోంది అని. ఆర్పీఎం ముల్లు జర్రున పైకి పోతూ స్పీడ్ మాత్రం పెరగకపోతే అది టర్బో కాదు, క్లచ్చు జారుతోంది. పెంచిన జోరును పాత క్లచ్చు పట్టుకోలేకపోతోంది. పెద్ద గేరులో, చఢావ్ మీద, నిండా మనుషులతో తొక్కితే తెలిసిపోతుంది. టర్బో మార్చాక కూడా బండి అలాగే ఉందని తల పట్టుకున్న వాళ్లలో ఇలాంటివాళ్లను నేనెరుగుదును.

తొక్కగానే నల్ల పొగ వచ్చి, బానెట్ కింద సుయ్‌మని చప్పుడైతే గాలి ఎక్కడో లీకవుతోంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే గొట్టం చిరిగో, క్లిప్పు వదులయ్యో ఉంటుంది. ఆగి ఉన్న బండిలో ఈ చిరుగు మూసుకుని ఉంటుంది, ప్రెషర్ వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే చేత్తో తడిమి "బాగానే ఉంది" అంటే నమ్మొద్దు. టర్బో మూతి బిగించి, కంప్రెసర్ గాలి ఒక బార్ దాటకుండా మెల్లగా ఎక్కించి సబ్బునీళ్లు కొడితే బుడగలే చెప్తాయి. పొగ మెషిన్ ఉంటే ఇంకా ఆసాన్.

కొంత దూరం బాగా పోయి, ఒక్కసారిగా దమ్ము పోయి, తాళం తీసి మళ్లీ వేస్తే మామూలైతే, ఇంజన్‌ను కాపాడటానికి కంప్యూటరే గొంతు నొక్కుతోందన్నమాట. అప్పుడు కోడ్ చూడాలి. పి0299 అంటే బూస్ట్ తక్కువ, పి0234 అంటే ఎక్కువ. తక్కువైందంటుంది గానీ ఎందుకో చెప్పదు. చిరిగిన గొట్టం కావచ్చు. ఇదే ఇంజన్ 90 హార్స్ పవర్ రకంలో అయితే టర్బోలో కదిలే రెక్కలుంటాయి. అవి మసి పట్టి ఇరుక్కుని ఉండొచ్చు, వాటిని కదిపే ఏర్పాటే పనిచేయకపోవచ్చు.

నాకు ఇష్టమైన పరీక్ష ఇంకొకటుంది, పైసా ఖర్చు లేనిది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి, బూస్ట్ సెన్సర్ చెప్పే అంకె స్కానర్‌లో చూడండి. అప్పుడది బయటి గాలి ప్రెషరే చూపాలి. విజయవాడలో 100 కిలోపాస్కల్‌కు అటూ ఇటూ, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో 95 దగ్గర. హైదరాబాద్‌లో 80 చూపిస్తే సెన్సర్ మీదే షక్ పడాలి. దాని మాట నమ్మే మీరు టర్బో కొనబోతున్నారు మరి.

టర్బో నిజంగా పోయినా నిశానీలుంటాయి. నీలి పొగ, ఇంజన్ ఆయిల్ తగ్గిపోవడం, సైరన్ లాంటి కూత, షాఫ్టును ముందుకూ వెనక్కూ లాగితే చేతికి ఆట తగలడం. అప్పుడు కూడా ఎందుకు పోయిందో అడగండి. ఆయిల్ అందించే పైపు మూసుకుపోయి ఉంటే కొత్త టర్బో కూడా అదే ఖబ్రస్తాన్‌కు పోతుంది.

అంతా ఉస్తాద్‌ల మీదికి నెట్టడం ఇన్సాఫ్ కాదు. మన మొహల్లాల్లో షెడ్లు నడిపేది చాలావరకు మనవాళ్లే. చిన్నప్పుడే స్పానర్ పట్టిన చేతులు, చప్పుడు విని రోగం చెప్పే హునర్. కానీ కంప్యూటర్ బండికి చెవి ఒక్కటే చాలదు. స్కానర్ కొనాలి, నేర్చుకోవాలి, రెండు గంటలు బండి తిప్పి అంకెలు చూడాలి. ఆ రెండు గంటలకు మనమిచ్చేదేమిటి? ఒక చాయ్. "చూసినందుకు కూడా పైసలా?" అంటాం. చెకింగ్‌కు వెయ్యి అడిగితే బేరమాడి, టర్బోకు వేలకు వేలు పోసి వస్తాం. చెక్ చేస్తే రోటీ రాదు, పార్టు మారిస్తే వస్తుంది అన్నప్పుడు ఉస్తాద్ ఏం చేస్తాడు? ముందే రేటు చెప్పి చెకింగ్‌కు తీసుకునే పైసలు ఖరా హలాల్ కమాయి. అందాజుగా ఒక పార్టు మార్చి, కుదరకపోతే ఇంకోటి మార్చడమే అమానత్‌తో జూదం.

ఇంకా కొననివాళ్లకు ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చి, ఆర్సీకెక్కిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పని మార్పు యాక్సిడెంట్ అయినప్పుడు బయటపడితే క్లెయిమ్ దగ్గర తకరార్ మీదే, అమ్మినవాడిది కాదు. కాబట్టి బయానా ఇచ్చే ముందే, రీమ్యాప్ గానీ బాక్స్ గానీ ఎప్పుడైనా పెట్టారా అని అడగండి. జవాబు అమ్మకం కాగితం మీదే రాయించి సంతకం తీసుకోండి. లేదని నోటితో చెప్పి రాయడానికి నసిగితే, బానెట్ ఎత్తించి డీజిల్ ప్రెషర్ సెన్సర్ కనెక్టర్ చూడండి. పీకి పెట్టి, పీకి పెట్టి దాని లాక్ విరిగి ఉండొచ్చు, లేదా వైరుకు కంపెనీది కాని కొత్త టేపు చుట్టి ఉండొచ్చు.