లాప్‌టాప్ రివ్యూల్లో ఒక్క లైను మిస్సవుతోంది: లినక్స్‌లో సౌండ్ వస్తుందా, రాదా?

2022 డిసెంబర్. రాత్రి పదకొండు దాటాక మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, కొత్త లాప్‌టాప్‌లో సౌండ్ రావట్లేదు. మైక్ కూడా పని చేయట్లేదు. పొద్దున్న పదింటికి ఇంటర్వ్యూ!"

వాడు అప్పటికి బీటెక్ ఫైనల్ ఇయర్. రాత పరీక్ష దాటాక వచ్చిన మొదటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అది. నేనుండేది మద్దిలపాలెంలో, వాళ్ళుండేది ఉక్కునగరం క్వార్టర్స్‌లో. ఫోన్‌లో చెప్పి చేయించే పని కాదని అర్థమై బండి తీశాను. గాజువాక మీదుగా కూర్మన్నపాలెం చేరేసరికి పన్నెండయింది.

ఆ లాప్‌టాప్ విండోస్ లేకుండా కొన్నది. షాపులో అదే మోడల్ విండోస్‌తో అయితే సుమారు ఐదు వేలు ఎక్కువ చెప్పారు. స్టీల్ ప్లాంట్ జీతంతో ఇద్దరు పిల్లల్ని ఇంజినీరింగ్ చదివిస్తున్న మా బాబాయికి ఐదు వేలంటే చిన్న మాట కాదు. పైగా మావాడే "నేను లినక్స్ వేసుకుంటాలే నాన్నా" అన్నాడు. కాలేజీలో సీనియర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్‌తో డెబియన్ 11 వేసుకున్నాడు. స్క్రీన్, టచ్‌ప్యాడ్, కెమెరా అన్నీ బాగున్నాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో మాత్రం ఒకే ఒక్క పేరు: డమ్మీ అవుట్‌పుట్.

లినక్స్ వాడినవాళ్ళకి ఆ రెండు మాటలు చూస్తేనే కడుపులో దేవినట్టుంటుంది. అసలు సౌండ్ కార్డే కనపడట్లేదు, ఊరికే ఒక ఉత్తుత్తి పరికరం పెట్టాను అని సిస్టమ్ చెప్పే పద్ధతి అది.

కెర్నెల్ లాగ్ తీసి చూస్తే విషయం అక్కడే రాసుంది. సౌండ్ ఫర్మ్‌వేర్ ఫైల్ దొరకలేదట. ఇప్పుడొస్తున్న చాలా ఇంటెల్ లాప్‌టాప్‌లలో శబ్దం పనిని ప్రాసెసర్ పక్కనే ఉన్న చిన్న డీఎస్‌పీ చూసుకుంటుంది. దానికి బూట్ అయ్యేటప్పుడు ఒక ఫర్మ్‌వేర్ ఎక్కించాలి. దాని పేరు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, పొట్టిగా సోఫ్. డెబియన్ 11లో ఆ ప్యాకేజీ నాన్-ఫ్రీ విభాగంలో ఉండేది. ఆ విభాగాన్ని మనమే ఆన్ చేసుకోవాలి, చేయకపోతే రాదు. నా ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి ప్యాకేజీ దించి రీస్టార్ట్ చేశాం. డమ్మీ పోయింది, అసలు కార్డు పేరు వచ్చింది. మైక్ లేచింది. ఇయర్‌ఫోన్స్ పెడితే సౌండ్ వచ్చింది. తీసేస్తే మాత్రం స్పీకర్లు నిశ్శబ్దం.

ఆల్సామిక్సర్ తెరిచి మ్యూట్‌లో ఉన్నవన్నీ తీశాం (కింద ఎమ్‌ఎమ్ అని కనిపిస్తే మ్యూట్ అని, ఎమ్ కీ నొక్కితే తీస్తుంది). ఆటో మ్యూట్ ఆపేశాం. లాభం లేదు. రెండింటికి ఆపేసి పడుకోమన్నాను. పొద్దున్న వాడు మూడేళ్ళ నాటి పాత ఇయర్‌ఫోన్స్‌తోనే ఇంటర్వ్యూ ఇచ్చాడు, పాసయ్యాడు కూడా. బాబాయి మాత్రం టీ తాగుతూ ఒకటే మాటన్నాడు: "ఇన్ని వేలు పోసి కొన్నదానికి స్పీకర్ మోగదేటిరా?"

అది న్యాయమైన ప్రశ్న. దానికి జనం ఇచ్చే రెడీమేడ్ జవాబు "లినక్స్ అంటే అంతే" అని. నేను ఒప్పుకోను.

ఎందుకంటే మీ జేబులో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది కూడా లినక్స్ కెర్నెల్ మీదే. అందులో పాట మోగినా, కాల్ మాట్లాడినా కింద పని చేసేది ఆల్సా అనే అదే లినక్స్ సౌండ్ వ్యవస్థ. ఫోన్ కొన్నాక ఎవరైనా టెర్మినల్ తెరిచి ఫర్మ్‌వేర్ వెతుక్కున్నారా? లేదు కదా. ఫోన్ తయారు చేసిన కంపెనీ ఏ చిప్ ఏ తీగకి కలిసుంది, స్పీకర్ ముందు యాంప్లిఫయర్ ఏది, దాన్ని ఎప్పుడు నిద్ర లేపాలి అన్నీ ముందే డ్రైవర్‌లో రాసి అమ్ముతుంది. స్టీమ్ డెక్ కూడా లినక్స్‌తోనే వస్తుంది, పెట్టెలోంచి తీయగానే సౌండ్ వస్తుంది. లాప్‌టాప్‌లలో చాలా కంపెనీలు ఆ వివరాలు విండోస్ డ్రైవర్‌లో పెట్టేసి చేతులు దులుపుకుంటాయి.

మావాడి స్పీకర్ల కథ కూడా అదే. పాత లాప్‌టాప్‌లలో కోడెక్ చిప్ నుంచి తీగ నేరుగా స్పీకర్‌కి వెళ్ళేది. ఇప్పుడు మధ్యలో స్మార్ట్ యాంప్లిఫయర్ ఒకటి కూర్చుంటుంది. సన్నటి బాడీలో చిన్న స్పీకర్ కాలిపోకుండా గట్టిగా మోగించడం దాని పని. రివ్యూల్లో మనం "స్పీకర్లు అదిరిపోయాయి" అని రాసేది చాలాసార్లు దాని పుణ్యమే. కానీ ఆ యాంప్లిఫయర్‌ని లేపడానికి కావలసిన సమాచారం బయోస్‌లో సరిగ్గా లేకపోతే, కెర్నెల్‌కి అది ఉన్నట్టు కూడా తెలియదు. అప్పుడు ఎవరో ఒకరు ఆ మోడల్ ఐడీ నంబర్ పట్టుకుని, ఈ మిషన్‌కి ఇలా చేయాలి అని కెర్నెల్ సోర్స్‌లో ఒక లైను చేర్చాలి. ఒకే ఆడియో చిప్ కుటుంబానికి అలాంటి లైన్లు వందల కొద్దీ ఉన్న పట్టికని నేను స్క్రోల్ చేసి చూశాను. చాలా లైన్ల వెనక డబ్బిచ్చి కొని స్పీకర్ మోగక తిట్టుకున్న మనిషి ఒకడు ఉండుంటాడు.

లినక్స్ వైపు తప్పుల్లేవా అంటే ఉన్నాయి. మొదట ఓఎస్ఎస్, దాని స్థానంలో 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఆల్సా, దాని పైన 2007 ఫెడోరా 8లో పల్స్‌ఆడియో, 2021 ఫెడోరా 34లో పైప్‌వైర్. కొత్తది వచ్చిన ప్రతిసారీ కొన్నాళ్ళు గోల. నేను బీటెక్‌లో ఉండగా పల్స్‌ఆడియోని రోజుకోసారి చంపి మళ్ళీ లేపడం హాస్టల్‌లో ఒక దినచర్య. అయితే పైప్‌వైర్ వచ్చాక ఆ పై అంతస్తు గొడవలు చాలా తగ్గాయి. ఇప్పుడు నేను చూస్తున్న సమస్యలన్నీ కింది అంతస్తువే, అంటే హార్డ్‌వేర్ వివరాలు బయటికి చెప్పకపోవడం వల్ల వచ్చేవి.

ఇక్కడే మన రివ్యూల సంగతి. తెలుగులో లాప్‌టాప్ రివ్యూలు రాసేవాళ్ళం, వీడియోలు చేసేవాళ్ళం స్పీకర్లకి ఐదులో నాలుగు మార్కులేస్తాం. డాల్బీ స్టిక్కర్ ఉందో లేదో చెప్తాం. విండోస్ లేకుండా అమ్మే మోడల్‌ని కూడా విండోస్‌లోనే టెస్ట్ చేసి మార్కులేస్తాం! ఆ మోడల్ కొనేవాడికి ఆ మార్కులు ఎందుకు పనికొస్తాయి? ఒక లైవ్ యూఎస్‌బీ పెట్టి బూట్ చేస్తే ఇన్‌స్టాల్ కూడా చేయక్కర్లేదు. స్పీకర్, మైక్, ఇయర్‌ఫోన్ జాక్, బ్లూటూత్ చూడటానికి పది నిమిషాలు చాలు. "ఫలానా డిస్ట్రోలో, ఫలానా కెర్నెల్‌తో స్పీకర్ రాలేదు, జాక్ వచ్చింది" అని ఒక్క లైను రాస్తే చాలు.

"ఎంతమంది లినక్స్ వాడతారు బ్రో" అని అడుగుతారని తెలుసు. నిజమే, విండోస్ లేకుండా కొన్నవాళ్ళలో చాలామంది షాపువాడు వేసిచ్చిన దొంగ విండోస్‌తోనే ఇంటికెళ్తారు. కానీ వాళ్ళని అటు తోసేది కూడా ఇలాంటి రాత్రులే కదా. మన తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ లాంటి సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో తిరిగి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చెప్తూ వస్తోంది. అది విని ఇంటికొచ్చి వేసుకున్న కుర్రాడికి డమ్మీ అవుట్‌పుట్ కనిపిస్తే మర్నాడే మళ్ళీ షాపుకి. కేరళలో గవర్నమెంట్ స్కూళ్ళ లాప్‌టాప్‌లు లినక్స్‌తోనే నడుస్తున్నాయి. అక్కడ కొనేవాడు ముందే అడుగుతున్నాడు. మనం అడగట్లేదు.

షాపులో అడిగితే ఏమవుతుందో కూడా చెప్తాను. ఆ తర్వాత ఇంకో ఫ్రెండ్ కోసం ద్వారకానగర్‌లో లాప్‌టాప్ చూడ్డానికి వెళ్ళినప్పుడు జేబులో లైవ్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళాను. మొదటి షాపులో "డెమో పీస్‌లో పెన్‌డ్రైవ్‌లు పెట్టనివ్వం సార్" అన్నారు. రెండో షాపు కుర్రాడు సరే అన్నాడు. పక్కన నిలబడి చూసి, ఆ పెన్‌డ్రైవ్ ఎలా చేశారో చెప్పమని నంబర్ తీసుకున్నాడు. మీరు వెళ్ళేటప్పుడు కొత్త కెర్నెల్ ఉన్న డిస్ట్రోనే పట్టుకెళ్ళండి. పాతదాంట్లో రాని సౌండ్ కొత్తదాంట్లో రావచ్చు. ఏమీ కుదరకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి ఉంచుకోండి. చాలావరకు స్టాండర్డ్ యూఎస్‌బీ ఆడియో పద్ధతిలోనే ఉంటాయి కాబట్టి విడిగా డ్రైవర్ అడగవు. ఇంటర్వ్యూ ముందు రాత్రి రెండింటికి మాకు అది దొరికే దారి లేకపోయింది, అంతే.

ఆ అక్టోబర్‌లోనే డెబియన్ వాళ్ళు ఓటింగ్ పెట్టుకుని, ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌తో పాటే ఇవ్వాలని నిర్ణయించారు. 2023 జూన్‌లో డెబియన్ 12 అలాగే వచ్చింది. మావాడు అప్‌గ్రేడ్ చేశాడు. కొత్త కెర్నెల్‌లో వాడి మోడల్ ఐడీతో ఆ ఒక్క లైను ఉంది. స్పీకర్లు మోగాయి, కొన్న ఆరు నెలలకి. బాస్ మాత్రం విండోస్‌లో వచ్చినంత రావట్లేదంటాడు. వాడి లాప్‌టాప్ ఆడియో వివరాలన్నీ తీసి మొన్ననే డెవలపర్లకి పంపించాడు, జవాబు కోసం చూస్తున్నాడు.