డబ్బాకి హాఫిజా తక్కువైతే డబ్బానే పారేస్తామా?

కంప్యూటర్ నెమ్మదించిందని దుకాణానికి తీసుకెళ్తే వినబడే జవాబ్ ఒక్కటే: "ఇది అయిపోయింది సార్, కొత్తది తీసుకోండి." అమలాపురంలో అదే మాట, రాజోలులో అదే మాట, కొత్తపేటలోనూ అదే. డబ్బా మూత విప్పి లోపల ఏముందో చూసే తీరిక కూడా ఉండదు. నలభై, యాభై వేల బేరం నోటి చివర సిద్ధంగా ఉంటుంది. దీన్ని సలహా అనడానికి నాకు మనసొప్పదు. ఇది సాఫ్‌గా జుల్మ్.

ముందు అసలు సంగతి చూద్దాం. జ్ఞాపకశక్తిని ఉర్దూలో హాఫిజా అంటాం. కంప్యూటర్లో ఆ పని చేసేది ర్యామ్. చాలామంది దాన్ని హార్డ్ డిస్క్‌తో కలిపేసి "మెమొరీ నిండిపోయింది" అంటారు. రెండూ వేరు. హార్డ్ డిస్క్ అల్మారా లాంటిది, సామాన్లు దాచుకునే చోటు. ర్యామ్ దస్తర్‌ఖాన్ లాంటిది, వడ్డించుకుని తినే చోటు. దస్తర్‌ఖాన్ చిన్నదైతే అన్నీ ఒకేసారి పరచలేం. ఒక గిన్నె లోపల పెట్టి ఇంకో గిన్నె తేవాలి. మీ కంప్యూటర్ గింజుకునేది అక్కడే. ర్యామ్ చాలక హార్డ్ డిస్క్‌కీ దానికీ మధ్య పరుగులు పెడుతుంది. మౌస్ కదలదు, తెర బిగుసుకుపోతుంది, మనం "ముసలిదైపోయింది" అనేస్తాం.

నిఖా రుఖ్ఖా కొట్టే డీటీపీ కుర్రాణ్ణి అడగండి. ఒక పక్క ఉర్దూకి ఇన్‌పేజ్, ఇంకో పక్క తెలుగుకి అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్, బొమ్మకి ఫొటోషాప్, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో కోసం బ్రౌజర్. ఇవన్నీ 4 జీబీ మీద తెరిస్తే ఏమవుతుంది? ఆ మెషీన్‌కి ఇంకో 4 జీబీయో, 8 జీబీయో వేస్తే అదే డబ్బా మళ్లీ రోజీ సంపాదిస్తుంది. రెండు స్క్రూలు, ఒక స్టిక్, పది నిమిషాల పని. ఇంత చిన్న మరమ్మతు చెప్పకుండా కొత్త మాల్ అంటగట్టడాన్ని వ్యాపారం అని ఎలా అంటాం?

కాబట్టి జేబులో చెయ్యి పెట్టేముందు హిసాబ్ అడగండి. టాస్క్ మేనేజర్ తెరిచి, మీ మామూలు పనులు నడుస్తుండగా మెమొరీ ఎంత శాతం వాడుతోందో చూడండి. తొంభై దాటుతుంటే జబ్బు దొరికినట్టే. మదర్‌బోర్డు మీద స్లాట్లెన్ని, ఖాళీ ఉందా, అది డీడీఆర్3 నా డీడీఆర్4 నా అని దుకాణదారుతో చెప్పించండి. ఒకదాని గాడి ఇంకోదానికి కుదరదు. ల్యాప్‌టాప్ స్టిక్ డెస్క్‌టాప్‌లో పట్టదు. విండోస్ 32 బిట్‌దైతే 4 జీబీ దాటి వేసినా మామూలుగా ఫాయిదా లేదు, ముందు 64 బిట్‌ది ఎక్కించాలి. మన సముద్రపు గాలికి స్టిక్ పళ్లు నల్లబడి కంప్యూటర్ మొరాయించే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు పవర్ తీసేసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిస్తే చాలాసార్లు దానికదే లేస్తుంది. ఆ రబ్బరు ఖరీదెంతో మీకే తెలుసు.

"విండోస్ 10 అయిపోయింది కదా భాయ్" అంటారు. నిజమే, 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. చాలా పాత ప్రాసెసర్లను విండోస్ 11 ఒప్పుకోదు, ర్యామ్ ఎంత వేసినా ఒప్పుకోదు. అది ర్యామ్ తీర్చే కష్టం కాదు. కానీ కార్డులు కొట్టే మెషీన్‌కి నెట్ ఎందుకు? తీగ పీకి పనికి వాడుకోండి. నెట్ కావాలంటే లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు లావాదేవీలు మాత్రం దాని మీద, పాత విండోస్ మీద కాదు.

"అంతా క్లౌడ్‌లో ఉంటుంది, మీ డబ్బాలో బలం ఎందుకు" అనేవాళ్లు ఇంకొందరు. కోనసీమ వాళ్లతోనా ఈ మాట? 2022 మే 24న అమలాపురం మండిన తర్వాత ఇక్కడ ఇంటర్నెట్ రోజుల తరబడి బంద్. సిగ్నల్ కోసం జనం గోదావరి గట్ల దాకా వెళ్లారు. ఆ రోజుల్లో పని నడిచింది ఎవరి బల్ల మీద వాళ్లకున్న మెషీన్ తోనే. దూరాన ఉన్న మబ్బు మనకి జామీను ఇవ్వదు.

ఇప్పుడు అస్లీ సవాల్. సరిగ్గా ఆ 2025 అక్టోబర్ 14నే విశాఖలో ఏఐ డేటా సెంటర్ పెడతామని, ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని గూగుల్ ప్రకటించింది. పత్రికల్లో సంబరం. నేనూ పత్రికలవాణ్ణే, ఆ సంబరం రాతలో ఒక వాక్యం కనబడలేదు: ఏఐ సర్వర్ల ఆకలికి ప్రపంచంలో మెమొరీ కరువొచ్చింది. మెమొరీ చిప్పులు ప్రధానంగా తయారు చేసేవి మూడే కంపెనీలు, శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. లాభం ఎక్కడుంటే కార్ఖానా అటే తిరిగింది. 2025 చివరికి కొన్ని నెలల్లోనే ర్యామ్ ధరలు రెట్టింపు దాటాయి. మామూలు జనానికి స్టిక్కులమ్మే తన క్రూషియల్ వ్యాపారాన్నే మూసేస్తానని ఆ డిసెంబర్‌లో మైక్రాన్ చెప్పేసింది. పెద్ద దావత్ వాళ్లది, కరువు రాజోలు డీటీపీ కుర్రాడిది. ఇదేం ఇన్సాఫ్?

ఆ మూడు కంపెనీలను మనం ఆపలేం. కానీ చేతిలో ఉన్నదాన్ని కబాడీకి పంపకుండా ఆగగలం. చెడిపోయిన డబ్బాలోంచి ర్యామ్ తీసి పక్కవాడి డబ్బాకి వేయించగలం. స్కూళ్లలో, ఆఫీసుల్లో "పనికిరావు" అని రాసి కంప్యూటర్లు మూలపడేసే ముందు, మెమొరీ పెంచితే ఎంతవుతుందో అదే కాగితం మీద రాయమని అడగగలం. అది జనం డబ్బు, అడగడం మన హక్కు. దుకాణదారులకూ ఒక మాట: మరమ్మతు చేసి పంపినవాడు మళ్లీ మీ దగ్గరికే వస్తాడు, మోసపోయినవాడు రాడు.

అంబాజీపేట రైతు కాపు తగ్గిందని కొబ్బరిచెట్టు నరకడు. ముందు మొదట్లో ఎరువు వేసి చూస్తాడు. ఆ పాటి అఖల్ మనకుండొద్దా?