షికారు ఎవరికి, చాకిరీ ఎవరికి?

విహారనౌక మీద వెళ్ళేవాళ్ళు పెట్టె ఎలా సర్దుకోవాలో చెప్పే సలహాలు ఈమధ్య చాలా చదివాను. కరేబియన్ సముద్రంలో ఏడు రాత్రుల ప్రయాణానికి మా అమ్మాయి మా ఇద్దర్నీ తీసుకెళ్తాననడంతో మొదలైన చదువు అది. సూటు మడతల మధ్య డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చే పల్చటి ప్లాస్టిక్ కవరు పెట్టండి, ముడతలు పడవు. గౌను పొరల్లో టిష్యూ కాగితం పరవండి. ఓడ ఎక్కగానే అన్నీ తీసి హాంగర్లకు తగిలించండి. ఇంకా ముడతలుంటే స్నానాలగదిలో వేడినీళ్ళు వదిలి ఆవిరి పట్టించండి. ఇవన్నీ పనికొచ్చే మాటలే. కానీ ఈ పెట్టండి, పరవండి, తగిలించండి అనే ఆజ్ఞలు ఎవరికి? నేను చదివినవాటిలో మగవాడి సూటు దగ్గర కూడా 'మీవారి సూటు' అనే ఉంది. సూటు ఆయనది, మడత ఆమెది.

ఓడల్లో 'ఫార్మల్ నైట్' అని ఒక ఆచారం ఉంది. 2004లో ప్రయాణాలు మొదలుపెట్టిన క్వీన్ మేరీ 2 లాంటి ఓడల్లో దాన్ని 'గాలా ఈవెనింగ్' అంటారు. మగవాళ్ళు డిన్నర్ జాకెట్టో, టై కట్టిన ముదురురంగు సూటో వేసుకుంటే చాలు. రెండు రాత్రులూ అదే వేసుకున్నా ఎవరూ గమనించరు. ఆడవాళ్ళు అదే గౌను రెండోసారి వేసుకుంటే మాత్రం ఫొటోలు సాక్ష్యం చెబుతాయి. అందుకే ఆమె పెట్టె బరువు. ఆ బరువు మీద జోకులు మళ్ళీ ఆమె మీదే. భార్య ఒంటిమీది ఖరీదైన బట్టలు భర్త స్తోమతకు ప్రకటన అని థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లోనే రాశాడు. ఆ ప్రకటనను ఇస్త్రీ చేసేదెవరని మనం అడగాలి.

ఎందుకంటే క్యాబిన్‌లోకి ఇస్త్రీపెట్టె తీసుకురానివ్వరు. నడిసముద్రంలో నిప్పంటే భయం నిజమైనదే. 2006 మార్చిలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో చెలరేగిన మంటల వల్ల ఒక ప్రయాణికుడు చనిపోయాడు. నిబంధనతో నాకు పేచీ లేదు. అది ఎవరి నెత్తిన పడుతోందన్నదే నా పేచీ. కొన్ని ఓడల్లో బట్టలుతికి ఇస్త్రీ చేసుకునే ఉమ్మడి గదులుంటాయి. మేమెక్కిన ఓడలోనూ ఉంది. ఫార్మల్ నైట్ సాయంత్రం నాలుగింటికి అక్కడ వరుసలో ఉన్న పదకొండు మందిలో పదిమంది స్త్రీలం. సగంమంది చేతుల్లో మగవాళ్ళ చొక్కాలు. ఆ చొక్కాల యజమానులు ఆ వేళకు డెక్ మీద సముద్రాన్ని చూస్తున్నారు. సెలవు అంటే అదే కదా!

మనకేం, చీరలున్నాయిగా అంటారు మనవాళ్ళు. మడతపెడితే పలకంత, ఎక్కడికైనా సరిపోతుందని. పట్టుచీర సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా అనరు. జరీ లోపలికి మడిచి, పాత నూలుగుడ్డలో చుట్టాలి. ఒకే మడతమీద ఉంచితే పట్టు చిట్లుతుంది. ఆ స్నానాలగది ఆవిరి సలహా పట్టుకు అసలు పనికిరాదు, నీటిచుక్క పడితే మచ్చ కడుతుంది. ఉప్పుగాలి తేమకు జరీ నల్లబడుతుంది. దీనికి తోడు జాకెట్టు, లంగా, పిన్నులు, నగలు. ఇంతకీ మన మగవాళ్ళు సూట్లలో హాయిగా ఉంటే సంస్కృతిని ఆరుగజాల్లో చుట్టుకుని అట్లాంటిక్ దాటించాల్సింది మనమే. జాతీయవాదం ఈ పని స్త్రీలకు ఎలా అప్పగించిందో పార్థా చటర్జీ 1989లో చెప్పాడు. ఓడెక్కినా ఆ అప్పగింత రద్దు కాలేదు.

డబ్బిచ్చి ఓడ లాండ్రీలో వేయించవచ్చుగా అని ఒకావిడ నాతో అన్నారు. వేయించవచ్చు. అప్పుడా పని మనం చూడని కింది అంతస్తులకు పోతుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మనదేశం నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. 2013లో అమల్లోకి వచ్చిన సముద్ర కార్మికుల ఒడంబడిక ప్రకారం వాళ్ళతో వారానికి 72 గంటల దాకా పనిచేయించవచ్చు. ఇది హద్దు మీరిన లెక్క కాదు, చట్టం గీసిన హద్దే! ఉతికేవాళ్ళను చూడకపోవడం మనకు ఓడలో అబ్బిన విద్య కూడా కాదు. పురిటిబట్టల దగ్గర్నించి చాకలి స్త్రీలకు మూటగట్టిచ్చి, వాళ్ళను గుమ్మం బయటే నిలబెట్టిన ఇళ్ళలో పెరిగాం చాలామందిమి. చాకిరీని ఇంకొకరి వీపుమీదకు మార్చి విముక్తి అనుకోవడం స్త్రీవాదం కాదు.

ముస్తాబయ్యే ఆనందాన్ని కూడా కాదంటావా అని అడుగుతారని తెలుసు. కాదనను. నా గద్వాల చీర నాకిష్టం, కట్టుకున్నాను, ఫొటో దిగాను. ఆనందం వేరు, దాని వెనకున్న పనిని ఒకరిమీదే రుద్దడం వేరు. మా ప్రయాణంలో ఆయన సూటు ఆయనే సర్దుకున్నారు. ఆ సంగతి బంధువర్గమంతటా వార్తయింది. నా బట్టలు నేను సర్దుకోవడం ఎవరికీ వార్త కాలేదు. సమస్యంతా ఈ తేడాలోనే ఉంది.

ఫార్మల్ నైట్ లేకపోతే ఓడలు మునిగిపోవు. నార్వేజియన్ క్రూజ్ లైన్ 2000లో 'ఫ్రీస్టైల్' పేరుతో ఆ నిర్బంధాన్ని సడలించింది, దాని ఓడలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. నిర్బంధం ఉన్నచోట, ముస్తాబు కానివాళ్ళను భోజనశాల నుంచి బఫేకు పంపించే మర్యాదను ప్రశ్నిద్దాం. ఎవరి బట్టలు వాళ్ళే సర్దుకోవాలని, ఎవరి చొక్కా వాళ్ళే ఇస్త్రీ చేసుకోవాలని ఇంట్లోనే చెబుదాం. బట్టలు లాండ్రీకి వేసేముందు, అక్కడివాళ్ళకు విశ్రాంతి ఎన్ని గంటలని ఆ కంపెనీని అడుగుదాం. జవాబు రాకపోతే అదీ ఒక జవాబే. డెక్ మీద సముద్రం ఆ వరుసలో నిలబడినవాళ్ళకూ, కింద అంతస్తుల్లో ఉన్నవాళ్ళకూ కూడా కనబడాలి.