ముఖం వాపు శాపం కాదు

పెదవి వాస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వాస్తుంది. కొన్నాళ్లకు ఆ వాపు అలాగే నిలిచిపోతుంది. కొందరికి ముఖం ఒక పక్కకు పక్షవాతం వస్తుంది, నాలుకపై పగుళ్లు కనిపిస్తాయి. దీని పేరు మెల్కర్సన్-రోసెంతాల్ సిండ్రోమ్. 1928లో స్వీడన్ వైద్యుడు మెల్కర్సన్ వాపునూ పక్షవాతాన్నీ కలిపి వర్ణించగా, 1931లో రోసెంతాల్ నాలుక పగుళ్లను జతచేశారు. మూడు లక్షణాలూ అందరిలో కలిసి కనిపించవు. అందుకే గుర్తించడం ఆలస్యమవుతుంది.

పెదవి నుండి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. క్షయ, కుష్ఠు, సార్కాయిడోసిస్, క్రోన్స్ వ్యాధి కావని తేల్చుకోవాలి. స్టెరాయిడ్ మాత్రలు, వాచిన చోట ఇంజెక్షన్లు ఇస్తారు. కుష్ఠుకు వాడే క్లోఫజిమిన్ కూడా కొందరికి మేలు చేస్తుంది. వాపు తిరిగి రావచ్చు, కానీ అదుపులో పెట్టవచ్చు. ఇది అంటువ్యాధి కాదు.

అయినా ఆ ముఖాన్ని చూసి మనం పక్కకు జరుగుతాం. "ఎవరి పాపమో" అంటాం. యోహాను సువార్త 9వ అధ్యాయంలో ప్రభువు ఆ ప్రశ్ననే తోసిపుచ్చాడు కదా!

యువతీ యువకులారా, మేము కోరేది ఒక్కటే. వారికోసం ప్రార్థించండి, ప్రార్థనతోనే ఆగకండి. చర్మవ్యాధి నిపుణుల దగ్గరకు తోడు వెళ్లండి. ఆదివారం వారి పక్కనే కూర్చోండి.